అవయవదానం పెరిగేది ప్రతిజ్ఞ పత్రాలతోనా, ఐసీయూలో అడిగే మనిషితోనా?

బత్తాయితోట (నల్లగొండ)

అందరికీ నమస్కారం. ఆగస్టు 3 జాతీయ అవయవదాన దినం కదా, ఆ రోజు మా కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలతో క్లాక్ టవర్ దగ్గర స్టాల్ పెట్టి ప్రతిజ్ఞలు నమోదు చేయించాలని అనుకుంటున్నాం. ఇప్పుడు ఆధార్‌తో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, కాగితాల గొడవ లేదు.

అయితే హైదరాబాద్‌లో ఐసీయూ డాక్టరుగా ఉన్న మా పాత స్టూడెంట్ ఫోన్‌లో ఒక మాటన్నాడు. "సార్, మీరు ఊరంతా పేర్లు రాయించినా, ఆ టైముకు మా దగ్గర కుటుంబంతో మాట్లాడే మనిషి లేకపోతే ఒక్క కిడ్నీ కూడా రాదు" అని. నాకు కొంచెం చివుక్కుమంది కానీ ఆలోచనలో పడ్డాను. 2021 ఫిబ్రవరిలో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైల్లో గుండెను తీసుకుపోయారు, గుర్తుందా? ఆ దాత మన నల్లగొండ జిల్లా రైతే. టీవీలో రైలు చూశాం, డాక్టర్లు పెట్టె పట్టుకుని పరుగెత్తడం చూశాం. అంతకుముందు ఆసుపత్రిలో ఏం జరిగిందో ఎవరూ చూపించలేదు. మన రాష్ట్రంలో అవయవదానాలు చూసే జీవన్‌దాన్ లాంటి సంస్థలు అసలు చేసే పని ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

మూసీగట్టు (సూర్యాపేట)

సార్, మీ ఉద్దేశం మంచిదే. కానీ జనం ఎందుకు నమ్మాలె? 2025 జనవరిలో సరూర్‌నగర్‌ల కిడ్నీ దందా బయటపడ్డది. పేదోళ్లకు పైసల ఆశ చూపెట్టి కిడ్నీలు తీసిండ్రు. రేపు మీ స్టాల్ కాడికి వచ్చి ఎవడన్న ఇదే అడుగుతడు, జవాబు రెడీగ పెట్టుకోండ్రి.

సమన్వయం (హైదరాబాద్, సొంతూరు కల్వకుర్తి)

నేను ఇదే పనిలో ఉన్నాను, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ని. మూసీగట్టు అన్నా, సరూర్‌నగర్‌లో దొరికింది బతికున్న మనుషుల కిడ్నీలు కొని అమ్మిన దందా. సార్ అడిగేది మరణానంతర దానం. రెండింటికీ సంబంధం ఒక్కటే: రెండోది తక్కువ ఉన్నచోట మొదటిది పెరుగుతుంది. డయాలసిస్ మీద ఉన్నవాడికి న్యాయంగా కిడ్నీ దొరికితే దళారి దగ్గరికి ఎందుకు పోతాడు? చట్టం కూడా గట్టిదే, అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ ప్రకారం అవయవాల వ్యాపారానికి 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా.

ఇక బత్తాయితోట సార్ ప్రశ్న. మీ స్టూడెంట్ చెప్పింది నిజమే. ప్రతిజ్ఞ చేసినవాళ్లలో అవయవాలు ఇవ్వగలిగే పరిస్థితిలో చనిపోయేది చాలా కొద్దిమంది. ఇంట్లో గుండె ఆగి పోతే కళ్లు తప్ప గుండె, లివర్, కిడ్నీలు పనికిరావు. ఐసీయూలో, వెంటిలేటర్ మీద, మెదడు కాండం (శ్వాసను నడిపే మెదడు కింది భాగం) చచ్చిపోయి, గుండె మాత్రం ఇంకా కొట్టుకుంటున్న స్థితిలోనే, అంటే బ్రెయిన్ డెడ్ అయ్యాకే, మన దేశంలో దాదాపు ఈ దానాలన్నీ జరుగుతున్నాయి. తలకు దెబ్బ తగిలిన యాక్సిడెంట్ కేసులు, మెదడులో రక్తస్రావం అయినవాళ్లు. ఆ కొద్దిమందిని టైముకు గుర్తించడం, శరీరాన్ని కాపాడటం, ఇంటివాళ్లతో సరిగ్గా మాట్లాడటం, అవయవాన్ని సరైన మనిషికి చేర్చడం. సంస్థ పని ఇదీ.

జీవన్‌దాన్ 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది, నిమ్స్ నుంచి నడుస్తుంది. 2024లో తెలంగాణలో 188 మంది బ్రెయిన్ డెడ్ దాతలు. పది లక్షల జనాభాకు 4.88. దేశం సగటు 0.8. మన జనం మిగతా రాష్ట్రాలవాళ్ల కన్నా ఆరింతలు మంచివాళ్లని కాదు కదా. ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే ఎత్తే చోటు ఒకటి ఉంది, మాట్లాడటం నేర్చిన మనుషులు కొంతమంది ఉన్నారు.

డిండివాగు (ఒహాయో, సొంతూరు దేవరకొండ)

సమన్వయం గారికి తోడుగా నాలుగు మాటలు. నేనిక్కడ ఆసుపత్రి డేటా పనిలో ఉన్నాను. అమెరికాలో ఈ పనికి ఆర్గన్ ప్రొక్యూర్‌మెంట్ ఆర్గనైజేషన్లు, ఓపీఓలు అంటారు, దేశం మొత్తం మీద సుమారు 55 ఉన్నాయి. లాభాపేక్ష లేని సంస్థలు, ఒక్కోదానికి ఒక్కో ప్రాంతం. 1984 చట్టంతో ఈ ఏర్పాటు గట్టిపడింది.

నన్ను బాగా ఆకట్టుకున్నది 1998లో వచ్చిన నిబంధన. ప్రతి ఆసుపత్రీ ప్రతి మరణాన్నీ, దగ్గరపడ్డ ప్రతి మరణాన్నీ ఓపీఓకు ఫోన్ చేసి చెప్పి తీరాలి. "ఈయన దాతగా పనికొస్తాడా, ఇంటివాళ్లు ఒప్పుకుంటారా" అని డాక్టరు తన మనసులోనే లెక్క వేసుకుని వదిలేసే అవకాశం లేదు. ఆ లెక్క సంస్థ చేస్తుంది. 24 గంటలూ వాళ్ల కాల్ సెంటర్ ఉంటుంది.

రెండోది, మరణవార్త చెప్పే నోరు, దానం అడిగే నోరు ఒకటి కాకూడదు. చికిత్స చేసిన డాక్టరు చావు సంగతి చెప్పి, కుటుంబం దాన్ని జీర్ణించుకున్నాక ఓపీఓ మనిషి వస్తాడు. అంతకుముందు డాక్టరు, నర్సు, ఓపీఓ మనిషి ముగ్గురూ పక్కగదిలో నిలబడి ఎవరు ఎప్పుడు ఏం చెప్పాలో అనుకుంటారు. 2024లో ఇక్కడ దాదాపు 17 వేలమంది మరణానంతర దాతలు.

మూసీగట్టు (సూర్యాపేట)

అమెరికాల అన్ని మంచిగనే ఉంటయి తమ్మీ. అక్కడ తప్పులు కావా?

డిండివాగు (ఒహాయో, సొంతూరు దేవరకొండ)

ఎందుకు కావన్నా, చాలా అయినయి. కొన్ని ఓపీఓలు ఏళ్ల తరబడి సోమరిగా పనిచేశాయని సెనేట్ విచారణలే జరిగాయి. 2020లో పనితీరు కొలిచే కొత్త రూల్ తెచ్చారు, వెనకబడ్డవాటి ప్రాంతాన్ని వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చు. 2025లో కెంటకీ రాష్ట్రం వైపు ఇంకా ప్రాణ లక్షణాలు కనిపిస్తున్న రోగుల విషయంలో తొందరపడ్డారని ఇక్కడి కేంద్ర ఆరోగ్యశాఖ తేల్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఫ్లోరిడా సంస్థ ఒకదాని గుర్తింపు రద్దు చేస్తున్నామని ప్రకటించారు. కెంటకీ వార్త బయటికి రాగానే చాలామంది దాతల జాబితాలోంచి పేర్లు తీసేయించుకున్నారు.

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

నేను జాబితాకు అవతలి వైపు మనిషిని. మా తమ్ముడికి వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున్నే పోతే నాలుగు గంటలు మంచం మీద, ఇంటికొచ్చాక ఆ రోజంతా పడుకునుడే. ఎండాకాలం గ్లాసుడు నీళ్లు తాగాలన్నా లెక్క చూసుకోవాలి. జీవన్‌దాన్‌లో ఆసుపత్రి ద్వారా పేరు నమోదైంది. ఫోన్ మోగితే చాలు, గుండె జల్లుమంటది. మా మేనత్త కిడ్నీ ఇస్తానంది, పరీక్షల్లో ఆమెకే షుగర్ తేలింది.

మూసీగట్టు అన్నా, జనం ఎందుకు నమ్మాలని అడిగినవు కదా. అవయవం పెద్దోళ్లకే ముందు పోతదని నేనూ అనుకునేవాణ్ని. మావాడి వార్డులో పక్కమంచం మనిషి ఆటో డ్రైవర్. ఆయనకు జాబితా ప్రకారమే కిడ్నీ వచ్చింది, ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది. అందరికీ అట్లనే అవుతదని చెప్పను. కానీ చూసింది చెప్పాలి కదా.

సింగిల్ చాయ్ (జడ్చర్ల)

ఒక డౌటు. బ్రెయిన్ డెడ్ అంటే కోమానే కదా? కోమాలోంచి లేచినోళ్లు ఉన్నారు కదా?

ఐసీయూ అక్క (హైదరాబాద్, సొంతూరు అచ్చంపేట)

కాదు తమ్ముడూ. కోమాలో మెదడు బతికే ఉంటుంది, శ్వాస తీసుకోవాలన్న ఆజ్ఞ లోపలినుంచి వస్తూనే ఉంటుంది. బ్రెయిన్ డెడ్‌లో అది పోయింది. నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని, పరీక్ష ఎట్లా జరుగుతుందో చెప్తాను.

కంట్లోకి టార్చి వేస్తే కంటిపాప కదలదు. దూదితో కనుగుడ్డు మీద తాకినా రెప్ప పడదు. చెవిలో చల్లటి నీళ్లు పోస్తే బతికున్నవాళ్ల కళ్లు కదులుతాయి, ఇక్కడ కదలవు. గొంతులోకి ట్యూబు పెట్టి సక్షన్ చేసినా దగ్గు రాదు. ఆఖరుది అప్నియా టెస్ట్. ముందు బాగా ఆక్సిజన్ ఇచ్చి వెంటిలేటర్ విప్పుతాం, ట్యూబు ద్వారా ఆక్సిజన్ మాత్రం పోతుంటుంది. ఇక అందరం ఛాతీ వైపే చూస్తుంటాం. ఎనిమిది, పది నిమిషాలు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 60 దాటినా ఒక్క ఊపిరి కూడా తీసుకోకపోతే మెదడు కాండం పోయినట్టు. ఆ నిమిషాల్లో గదిలో ఎవరూ మాట్లాడరు.

దీన్నంతా నలుగురు డాక్టర్లు చూడాలి, అందులో అవయవం మార్చే టీమువాళ్లు ఉండకూడదు. కనీసం ఆరు గంటలు ఆగి మళ్లీ మొత్తం చేయాలి. రెండోసారీ అదే ఫలితం వస్తేనే మరణ ధ్రువీకరణ.

ఇంకో సంగతి ఎవరికీ తెలియదు. మెదడు పోయాక శరీరాన్ని నిలబెట్టడం మామూలు రోగిని చూసుకోవడం కన్నా కష్టం. బీపీ దబ్బున పడిపోతుంది. మూత్రం లీటర్లకు లీటర్లు పోతుంది, సోడియం పెరిగిపోతుంది. ఒళ్లు చల్లబడుతుంది, వేడిగాలి దుప్పటి కప్పాలి. గంటగంటకూ రాసుకుంటూ మందు తగ్గించి, పెంచి చూసుకోవాలి. కొంచెం ఏమరితే కిడ్నీలు పాడైపోతాయి. ఫోన్ లేటుగా చేసిన చోట ఇదే జరుగుతుంది. ఇంటివాళ్లు సరేననేసరికి గుండె ఆగిపోతుంది.

బత్తాయితోట (నల్లగొండ)

అమ్మా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా పిల్లలకు ముందు ఇది చెప్పాలి.

నకిరేకల్ బస్సు (నకిరేకల్)

నేను చాలా ఏళ్లుగా ఇక్కడ చదువుతాను తప్ప రాయను. ఇవాళ రాస్తున్నా.

మా చిన్నాయన కొడుకు చిట్యాల దగ్గర బైకు మీద పోతుంటే లారీ కొట్టింది. హెల్మెట్ లేదు. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం, పేరు వద్దు. మూడోరోజు ఒక డాక్టరు లిఫ్టు దగ్గర నిలబడి, చేతిలో ఫైలు పట్టుకుని, "బ్రెయిన్ డెడ్, ఇక లాభం లేదు, మీరు ఆర్గాన్స్ ఇస్తే మంచిది" అన్నాడు. చనిపోయాడన్న మాటా, ఇవ్వండన్న మాటా ఒకే ఊపిరిలో. మా చిన్నమ్మ కింద కూర్చుండిపోయింది. పక్కనే బిల్లింగ్ కౌంటర్. మా పెద్దబావ కోపంతో "ముందు బిల్లు అంటరు, ఇప్పుడు అవయవాలు అంటరా" అని అరిచాడు. ఇంకెక్కడి దానం? తీసుకొచ్చి దహనం చేశాం.

మావాడు రక్తదానం క్యాంపు ఎక్కడున్నా పోయేవాడు. ఎవరైనా కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే చిన్నమ్మ కాదనేది కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

సమన్వయం (హైదరాబాద్, సొంతూరు కల్వకుర్తి)

అన్నా, బాధగా ఉంది. మీరు చెప్పినదాంట్లో మాకు ట్రైనింగులో వద్దని నేర్పేవన్నీ ఉన్నాయి.

మేము చేసేది చెప్తాను. ముందు డాక్టరు చావు గురించి మాత్రమే చెప్తారు. అవసరమైతే స్కాన్ చూపిస్తారు, మంచం దగ్గరికి పిలిచి రెస్పాన్స్ లేకపోవడం చూపిస్తారు. తర్వాత మేము తలుపు వేసుకునే గది ఒకటి చూస్తాం. నీళ్లు పెడతాం. కాసేపు ఏమీ అడగం. అతను ఎట్లాంటివాడు, ఏం పని చేసేవాడు, పిల్లలు ఏం చదువుతున్నారు, వాళ్లు చెప్తుంటే వింటాం. "ఇంకా గుండె కొట్టుకుంటోంది కదా" అని ఎవరైనా అంటుంటే, వాళ్లకు చావు సంగతి ఇంకా అర్థం కాలేదన్నమాట. అప్పుడు దానం మాట ఎత్తం, మళ్లీ డాక్టరును పిలుస్తాం.

మన పల్లెటూరి కుటుంబాల్లో సంతకం భార్యది, నిర్ణయం ఇంకెవరిదో. మేనమామ వనపర్తి నుంచి బస్సులో ఉంటాడు. ఆయన వచ్చేదాకా ఆగాలి, ఆయనకు మొత్తం మళ్లీ మొదటినుంచి చెప్పాలి. తొందరపడ్డామా, అయిపోయినట్టే.

అడిగే ప్రశ్నలు ఎప్పుడూ దాదాపు అవే. శరీరం పాడవుతుందా? కాదు, ఆపరేషన్‌లాగే కోసి కుట్లు వేస్తాం, అంత్యక్రియలు మామూలుగా చేసుకోవచ్చు. కళ్లు ఇస్తే వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడా? దీనికి నేను వాదించను, వాళ్లలోనే ఒక పెద్దమనిషి జవాబు చెప్తాడు. ఎవరికి ఇస్తారు? బ్లడ్ గ్రూపు, జాబితాలో ముందువెనకలు, ఎవరికి ప్రాణం మీదికొచ్చింది అనేవి చూసి జీవన్‌దాన్ నిర్ణయిస్తుంది, మా ఆసుపత్రి ఇష్టం కాదు. పేర్లు ఇటువాళ్లకు అటు, అటువాళ్లకు ఇటు చెప్పరు. బిల్లు? ఒప్పుకున్న క్షణం నుంచి దాతను నిలబెట్టే ఖర్చు కుటుంబం మీద పడకూడదు. డబ్బులు ఇస్తారా అని కొందరు అడుగుతారు, ఇవ్వం, అది నేరం.

వద్దంటే? సరే అని దండం పెట్టి, శవాన్ని ఊరికి తీసుకుపోయే ఏర్పాటులో అంతే సాయం చేస్తాం. ఈ భాగాన్ని ఎవరూ లెక్కల్లో రాయరు కానీ ఆ ఊళ్లో మన పేరు దాంతోనే నిలబడుతుంది.

నల్లరేగడి (గద్వాల, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్)

యాక్సిడెంట్ కేసుల్లో పంచనామా, పోస్టుమార్టం తప్పదు. కుటుంబం ఒప్పుకున్నా స్టేషన్ నుంచి మనిషి రాకపోతే అంతా ఆగుతుంది. అలంపూర్ చౌరస్తాలో యాక్సిడెంట్ అవుతుంది, పేషెంటు హైదరాబాద్‌లో, కేసు ఇక్కడ. రాత్రి రెండింటికి "సార్, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి" అని ఫోన్ వస్తే డ్యూటీలో ఉన్నవాడికి ఇదేందో తెలియదు. ఎస్‌ఐని లేపాలా వద్దా అని టెన్షన్.

ఇంతకుముందు చీకటి పడితే పోస్టుమార్టం లేదు. 2021 నవంబరులో కేంద్రం ఆ నిబంధన మార్చింది. వెలుతురు, వసతి ఉన్నచోట రాత్రి కూడా చేయవచ్చు. హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మృతి లాంటివి మాత్రం మినహాయింపు. అవయవదానం కేసులకు ప్రాధాన్యం ఇమ్మన్నారు. ఈ సంగతి ప్రతి స్టేషన్‌లో తెలియాలి. బత్తాయితోట సార్, మీ స్టాల్‌కు వచ్చేవాళ్ల కన్నా టూ టౌన్ పోలీస్ స్టేషన్‌లో కేసులు రాసే రైటర్‌కు ముందు చెప్పండి. నవ్వులాట కాదు.

మూసీగట్టు (సూర్యాపేట)

హహ, రైటర్ మాట కరెక్ట్ సార్.

నాకు ఒకటి అర్థం కాలె. హైవే 65 మీద రోజూ యాక్సిడెంట్లే. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాక ఎన్ని చూస్తం. అయినా నల్లగొండల అవయవదానం అని పేపర్ల ఎప్పుడన్న చదివిన్రా? అంతా హైదరాబాదే. మన దగ్గర మెడికల్ కాలేజీ ఉండి ఏం లాభం?

సమన్వయం (హైదరాబాద్, సొంతూరు కల్వకుర్తి)

అసలు చర్చ ఇదేనన్నా. నల్లగొండలో, సూర్యాపేటలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్లను మాత్రం హైదరాబాద్‌కే పంపుతారు, అది తప్పేం కాదు, న్యూరో సర్జన్ అక్కడే ఉంటాడు. కానీ దారిలో పోయేవాళ్లు, పడక దొరకనివాళ్లు, డబ్బుల్లేక ఇక్కడే ఉండిపోయేవాళ్లు కూడా ఉంటారు.

అవయవ మార్పిడి చేయని ఆసుపత్రి కూడా అవయవాలు తీయడానికి మాత్రం రిజిస్టర్ కావచ్చు, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ ఉంటే చాలు. 2011 కేంద్ర సవరణ చట్టంలో ఈ వీలు ఉంది. ఆ చట్టాన్ని అమలు చేయాలని మన అసెంబ్లీ తీర్మానించింది 2025 మార్చిలో. అదే చట్టంతో తాత, అవ్వ, మనుమలు కూడా దగ్గరి బంధువుల కింద దాతలు కావచ్చు. పిల్లలమర్రి అన్నా, మీవాడి విషయంలో ఇది గుర్తుపెట్టుకోండి.

దూరం అడ్డం కాదు. గుండెకు సుమారు 4 గంటలు, లివర్‌కు ఎక్కువలో ఎక్కువ 12, కిడ్నీలు ఒక రోజు దాకా ఆగుతాయి. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి రెండు గంటల్లో హైదరాబాద్ చేరవచ్చు. తీసే టీము మేమే పంపిస్తాం. అక్కడ ఉండాల్సింది పరీక్షలు చేసి ధ్రువీకరించే డాక్టర్ల ప్యానెల్, కుటుంబంతో మాట్లాడే ఒక్క మనిషి. ఆ మనిషి కాంట్రాక్టు మీద, నాలుగు డ్యూటీల మధ్య ఐదో డ్యూటీగా ఉంటే పని జరగదు.

డిండివాగు (ఒహాయో, సొంతూరు దేవరకొండ)

స్పెయిన్ కథ సరిగ్గా ఇదే. 1979లోనే "వద్దని చెప్పకపోతే అందరూ దాతలే" అని చట్టం చేశారు. పదేళ్లు పెద్దగా ఏమీ మారలేదు. 1989లో జాతీయ సంస్థ పెట్టి, ఆసుపత్రుల్లో కోఆర్డినేటర్లను నియమించారు. ఎక్కువమంది ఐసీయూ డాక్టర్లే, బయటినుంచి వచ్చినవాళ్లు కాదు. అప్పుడు పది లక్షలకు 14 మంది దాతలు, ఇప్పుడు 50 చుట్టుపక్కల. చట్టం ఏం చెప్పినా ఇప్పటికీ కుటుంబాన్ని అడిగే తీసుకుంటారు. అందుకే మన దగ్గర కూడా "తప్పనిసరి చేయండి" అనేవాళ్లను చూస్తే నాకు కొంచెం చిరాకు.

ఐసీయూ అక్క (హైదరాబాద్, సొంతూరు అచ్చంపేట)

అట్లని ప్రతిజ్ఞలు దండగ అనకండి. మా దగ్గర ఒక తల్లి అటూ ఇటూ ఊగుతుంటే, కూతురు ఫోన్‌లో నాన్న చేసిన ప్రతిజ్ఞ చూపించింది. గంటసేపు సాగిన మాట అక్కడ తెగింది. కార్డు చట్టం కోసం కాదు, ఇంట్లోవాళ్ల కోసం. చేసినవాళ్లు ఇంటికి పోయి చెప్పాలి, జేబులో పెట్టుకుంటే లాభం లేదు.

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

కళ్ల సంగతి ఎవరూ మాట్లాడరేం? అది జిల్లాలో ఇవాళే చేయవచ్చు కదా.

సమన్వయం (హైదరాబాద్, సొంతూరు కల్వకుర్తి)

నిజం. కళ్లకు వెంటిలేటర్ అక్కర్లేదు, గుండె ఆగి పోయినవాళ్లూ ఇవ్వవచ్చు. ఆరు గంటల్లోపు తీయాలి, అప్పటిదాకా రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాను ఆపాలి. కళ్లద్దాలున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా అడ్డం లేదు. పెద్ద ఆసుపత్రుల్లో నేత్ర నిధులవాళ్లు కౌన్సిలర్లను కూర్చోబెట్టి, అక్కడ పోయినవాళ్ల బంధువులతో మాట్లాడిస్తారు. అందులోనూ కిటుకు అదే: ఇంటింటికీ తిరగడం కన్నా చావు జరిగేచోట ఒక మంచి మనిషి ఉండటం.

బత్తాయితోట (నల్లగొండ)

స్టాల్ పెడతాం, కానీ తీరు మార్చాం. ప్రతిజ్ఞ చేసిన ప్రతి పిల్లవాడూ అక్కడే ఇంటికి ఫోన్ చేసి అమ్మతోనో నాన్నతోనో చెప్పాలి, అప్పుడే సర్టిఫికెట్ డౌన్‌లోడ్. మధ్యాహ్నం జనరల్ ఆసుపత్రి ఐసీయూ సిస్టర్లతో, టూ టౌన్ స్టేషన్ వాళ్లతో చిన్న మీటింగ్ అడిగాను. సూపరింటెండెంట్ గారు ఒప్పుకున్నారు, స్టేషన్ నుంచి ఇంకా ఏమీ చెప్పలేదు. సమన్వయం గారు, మీరు రాగలరా? నకిరేకల్ తమ్ముడూ, నీకు వీలైతే నువ్వు కూడా రా. మాట్లాడకపోయినా పర్లేదు.

నకిరేకల్ బస్సు (నకిరేకల్)

వస్తాను సార్. చిన్నమ్మను అడిగి చూస్తా, ఆమె కూడా రావచ్చు.

నల్లరేగడి (గద్వాల, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్)

టూ టౌన్‌లో నా బ్యాచ్ ఆయన ఉన్నాడు. ఫోన్ చేస్తాను. ఎంతింటికి మీటింగ్?

బత్తాయితోట (నల్లగొండ)

రెండున్నరకు సార్, ఓపీ అయిపోయాక.